రెండు కార్లు పడతాయి సరే, పార్కింగులు ఎన్ని?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు, స్టిల్ట్ (పిల్లర్ల మధ్య పార్కింగ్‌కి వదిలిన కింది భాగం) మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మొత్తం 40 ఫ్లాట్లు. నాన్నగారు 2009లో బిల్డర్ దగ్గర 1,250 ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగుల) ఫ్లాట్ కొన్నారు. ఇప్పుడు ఆయన లేరు, అమ్మ అంతకుముందే పోయింది. వారసులం నేనూ, డాలస్‌లో ఉండే మా చెల్లీ. ఫ్లాట్ నేను ఉంచుకుని, విలువలో సగం చెల్లికి ఇచ్చేద్దామని అనుకున్నాం. అందుకు బ్యాంకు లోన్ తీసుకుంటున్నాను. బ్యాంకు పంపిన వాల్యుయర్ ఒక పార్కింగ్ చూపించి 72 లక్షలు వేశారు. చెల్లి కోరిక మీద విడిగా పెట్టుకున్న వాల్యుయర్ మూడు పార్కింగులు లెక్కేసి, ఒక్కోదానికి 3 లక్షల చొప్పున కలిపి 81 లక్షలు వేశారు. సేల్ డీడ్‌లో ‘ఒక కార్ పార్కింగ్, 100 చదరపు అడుగులు’ అని మాత్రమే ఉంది. మా స్థలం రెండు పిల్లర్ల మధ్య 9 అడుగుల వెడల్పు, వెనక గోడ దాకా 28 అడుగుల లోతు. ఒకదాని వెనక ఒకటి రెండు కార్లు పెట్టుకుంటున్నాం. వెనక భాగానికి నాన్న 2011లో బిల్డర్‌కి 60 వేలు ఇచ్చారు, తెల్లకాగితం మీద రసీదు ఉంది. అసోసియేషన్ రిజిస్టర్‌లో రెండూ మా ఫ్లాట్ పేరు మీదే ఉన్నాయి. చుట్టాలొస్తే మూడో కారు కాంపౌండ్ గోడ పక్కన ఖాళీలో పెడతాం. ‘అమెరికాలో డ్రైవ్‌వేలో పట్టే కార్లు కూడా లెక్కేస్తారు, మూడూ వేయాల్సిందే’ అని చెల్లి పట్టు. మా మధ్య ఎప్పుడూ లేని టెన్షన్ మొదలైంది. పార్కింగ్ అసలు ఎలా లెక్కేయాలి?

జవాబు: రెండు రిపోర్టుల మధ్య తేడా 9 లక్షలు. మీ చెల్లెలి వాటాకి వచ్చేసరికి నాలుగున్నర లక్షలు. అన్నాచెల్లెళ్ల మధ్య మాట పెరగడానికి అది చాలు. అయితే ఈ 9 లక్షల్లో మీ ఇద్దరూ నిజంగా తేల్చుకోవాల్సింది ఒక చిన్న ముక్కే. మిగతాది లెక్క వేసిన తీరులోంచి పుట్టింది. కాబట్టి ఇద్దరిలో ఎవరూ ఎవరినీ మోసం చేయాలని చూస్తున్నారని అనుకోకండి.

ముందు ఆ 81 లక్షలు ఎలా వచ్చాయో చూడండి. 1,250 ఎస్‌ఎఫ్‌టీకి 72 లక్షలంటే ఎస్‌ఎఫ్‌టీకి 5,760 రూపాయలు. ఆ రేటు ఎక్కడిది? మీ బిల్డింగ్‌లోనో, పక్క వీధిలోనో ఈమధ్య అమ్ముడుపోయిన ఫ్లాట్ల ధరల్ని వాటి విస్తీర్ణంతో భాగిస్తే వచ్చింది. ఆ ఫ్లాట్లు పార్కింగ్ లేకుండా అమ్ముడుపోలేదు కదా. ఒక్కోదానికి ఒక్కో పార్కింగ్ ఉంది, కొన్నవాళ్లు అది చూసుకునే ఆ ధర ఇచ్చారు. అంటే 5,760లో ఒక పార్కింగ్ విలువ కలిసిపోయి ఉంది. రెండో వాల్యుయర్ అదే రేటు తీసుకుని, దాని మీద మొదటి పార్కింగ్‌కి మళ్లీ 3 లక్షలు వేశారు. ఒకే పార్కింగ్‌కి రెండుసార్లు ధర కట్టినట్టయింది. ఆ 3 లక్షలు ఇప్పుడే తీసేయొచ్చు, అందులో వాదన ఏమీ లేదు. కావాలంటే ఆయన్నే అడగండి: ‘మీరు పోల్చిన ఫ్లాట్లకి పార్కింగ్ ఉందా, లేదా? ఉంటే ఆ ధరలోంచి దాన్ని విడదీశారా?’ అని. విడదీసి, పార్కింగ్ లేని రేటు కట్టి, తర్వాత కలిపి ఉంటే తప్పు లేదు. రెండు రిపోర్టుల్లోనూ మూల విలువ అదే 72 లక్షలు ఉందంటే విడదీయలేదనే అర్థం.

ఈ రెండుసార్ల లెక్క మన దగ్గర తరచూ జరగడానికి కారణం ఉంది. కొత్త ప్రాజెక్టుల్లో బిల్డర్లు ఎస్‌ఎఫ్‌టీ రేటు ఒకటి చెప్పి, పార్కింగ్‌కి ఇంత, క్లబ్ హౌస్‌కి ఇంత, పై అంతస్తుకి ఇంత అని విడివిడిగా వేస్తారు. కొనేవాళ్లకి అదే అలవాటై, పాత ఫ్లాట్‌కి కూడా పార్కింగ్ ధర విడిగా ఉండాలనుకుంటారు. రీసేల్‌లో అలా ఉండదు. ‘మొత్తం ఇంత’ అని బేరం కుదురుతుంది, పార్కింగ్ అందులోనే. విస్తీర్ణం దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని డీడ్‌లలో ‘కామన్ ఏరియాతో కలిపి 1,250 ఎస్‌ఎఫ్‌టీ, ప్లస్ పార్కింగ్ 100’ అని రాస్తారు. కొన్నిటిలో ‘కామన్ ఏరియా, పార్కింగ్ అన్నీ కలిపి 1,350’ అని రాస్తారు. రెండూ ఒకే సైజు ఫ్లాట్లే. 72 లక్షల్ని 1,250తో భాగిస్తే 5,760, 1,350తో భాగిస్తే 5,333. రెండో రకం డీడ్ నుంచి రేటు తీసి మీ 1,250కి వేస్తే ఐదు లక్షలకు పైగా తగ్గిపోతుంది. అందుకే పోల్చే ప్రతి ఫ్లాట్ డీడ్‌లోనూ ఆ విస్తీర్ణంలో ఏమేం కలిశాయో చూడకుండా రేటు తీయకూడదు.

ఇక మీ అసలు ప్రశ్న, ఎన్ని పార్కింగులు అనేది. ఎన్ని కార్లు పడతాయన్నది ఆధారం చేసుకోకండి. ఒక కారు చోటు మీ ఇంటి విలువలో చేరాలంటే రెండు విషయాలు నిలబడాలి. మీరు ఫ్లాట్ అమ్మితే ఆ చోటు కొన్నవారికి కాగితం మీద వెళ్లాలి. ఆ చోట్లో పెట్టిన కారుని ఇంకొకరిని అడగకుండా, ఇంకో కారు కదపకుండా బయటికి తీయగలగాలి. రెండూ ఉంటే పూర్తి పార్కింగ్. ఒకటి ఉండి ఒకటి లేకపోతే దానికి కొంత విలువ ఉంటుంది, పూర్తి విలువ కాదు. రెండూ లేకపోతే అది సౌకర్యమే తప్ప ఆస్తి కాదు.

కాగితం విషయంలో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ‘పార్కింగ్ కొన్నాం’ అనే మాట వెనక ఏముందో చాలామంది చూడరు. 1987 నాటి మన అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం, బిల్డింగ్ వివరాలతో దాఖలు చేసే డిక్లరేషన్‌లో వేరేగా రాసుకుంటే తప్ప, సెల్లార్లు, పార్కింగ్ స్థలాలు అందరి ఉమ్మడి వసతుల్లో భాగం. 2010 ఆగస్టు 31న సుప్రీంకోర్టు నహల్‌చంద్ లాలూచంద్ కేసులో, స్టిల్ట్ పార్కింగ్‌ని బిల్డర్ ఫ్లాట్ నుంచి విడదీసి అమ్ముకోవడానికి వీల్లేదని, అది ఉమ్మడి భాగమని తీర్పు చెప్పింది. ఆ కేసు మహారాష్ట్ర చట్టం మీద నడిచింది గానీ, దేశమంతా పార్కింగ్‌ని చూసే తీరు దానితో మారింది. 2016లో వచ్చిన రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఓపెన్ పార్కింగ్‌ని ఉమ్మడి ప్రాంతాల్లో చేర్చింది. పైకప్పు, మూడు వైపులా గోడలు ఉన్నదాన్నే గ్యారేజ్ అంది. తెలంగాణలో రెరా 2017 జనవరి 1 తర్వాత అనుమతి తీసుకున్న ప్రాజెక్టులకు వర్తిస్తుంది. మీ 2009 బిల్డింగ్‌కి నేరుగా వర్తించదు. అయినా కొనేవాళ్ల లాయర్లు, బ్యాంకులు ఇప్పుడు ఆ కళ్లతోనే పాత ఫ్లాట్లని కూడా చూస్తున్నారు.

దీన్నిబట్టి మీ చేతిలో ఉన్నది ఆ నేల మీద యాజమాన్యం కాదు, ఆ చోటుని మీ ఫ్లాట్ వాళ్లే వాడుకునే హక్కు. అది ఫ్లాట్‌తో పాటే వెళ్తుంది, విడిగా బయటివాళ్లకి అమ్మలేరు. మీరు విలువ కట్టేది ఆ హక్కుకే. ముందు భాగానికి ఆ హక్కు రిజిస్టరైన డీడ్‌లో ఉంది కాబట్టి గట్టిది. వెనక భాగానికి ఉన్నది బిల్డర్ తెల్లకాగితం రసీదు, అసోసియేషన్ రిజిస్టర్. వీటిలో రసీదు బలహీనం. ఉమ్మడి స్థలాన్ని బిల్డర్ విడిగా అమ్మాడని అదే చెబుతోంది, దాన్ని పట్టుకుని కోర్టులో నిలబడటం కష్టం. నా దృష్టిలో రిజిస్టరే దానికన్నా పనికొచ్చే ఆధారం. ఇన్నేళ్లుగా 40 ఇళ్లవాళ్లూ ఆ చోటు మీదేనని ఒప్పుకుని, ఎవరూ అభ్యంతరం చెప్పకుండా ఉన్నారంటే కొనేవాళ్లకి అది చాలా ధైర్యం. బ్యాంకు వాల్యుయర్ ఎందుకు ఒకటే చూపించారో కూడా ఇప్పుడు అర్థమై ఉంటుంది. బ్యాంకుకి రేపు లోన్ మొండిబకాయి అయితే ఆ ఫ్లాట్‌ని వేలం వేసుకోవాలి. వేలంలో పాడుకునేవారికి చూపించగలిగేది రిజిస్టరైన కాగితమే. కాబట్టి ఆయన లెక్క బ్యాంకు అవసరానికి సరైనదే. అన్నాచెల్లెళ్లు పంచుకోవడానికి మాత్రం అది కాస్త తక్కువ.

డీడ్‌లో ఉన్న ‘100 చదరపు అడుగులు’ చూసి కంగారు పడకండి, దాన్ని కొలతగానూ తీసుకోకండి. హైదరాబాద్ డీడ్‌లలో 80, 100, 120 అని రాయడం ఒక ఆనవాయితీ. మామూలుగా ఒక కారు చోటుకి లెక్కలోకి తీసుకునే సైజు రెండున్నర మీటర్లు బై 5 మీటర్లు. అంటే సుమారు 8.2 అడుగులు బై 16.4 అడుగులు, 134 చదరపు అడుగుల పైచిలుకు. 16.4 అడుగుల పొడవులో 100 చదరపు అడుగులే ఉంటే వెడల్పు 6 అడుగుల చిల్లర వస్తుంది. అంతలో ఇన్నోవా దూరినా తలుపు తెరుచుకోదు. కాబట్టి డీడ్‌లో చూడాల్సింది ఆ 100 అనే అంకె కాదు, ‘ఒక’ అనే మాట. ఆ 100ని ఎస్‌ఎఫ్‌టీ రేటుతో హెచ్చవేసి పార్కింగ్ విలువ ఇదిగో అని చూపించే రిపోర్టులు కూడా వస్తుంటాయి. వాటిని నమ్మకండి. మీ లెక్కలో అలా చేస్తే 5 లక్షల 76 వేలు వస్తుంది, ఏ ఆధారమూ లేని అంకె అది.

ఇప్పుడు టేపు సంగతి. మీరు కొలతలు రాయడం చాలా మంచిదైంది. 9 అడుగుల వెడల్పుకి ఇబ్బంది లేదు. లోతు 28 అడుగులు, అంటే 8.53 మీటర్లు. పైన చెప్పిన మామూలు సైజు ప్రకారం రెండు కార్లకి 10 మీటర్లు కావాలి, దాదాపు 33 అడుగులు. మీకు ఐదడుగులు తక్కువ. అయినా రెండు కార్లు పడుతున్నాయంటే మీవి చిన్న కార్లై ఉండాలి. స్విఫ్ట్ పొడవు 3.86 మీటర్లు, రెండు కలిపి 7.72. గోడకి, మధ్యలో, ముందు కలిపి 80 సెంటీమీటర్లు మిగులుతాయి, సర్దుకోవచ్చు. కొనేవారికి ఒక క్రెటా ఉందనుకోండి, 4.33 మీటర్లు. స్విఫ్ట్‌తో కలిపితే 8.19. బంపర్లు రాసుకోకుండా జాగ్రత్తగా పెట్టాలి. ఇన్నోవా క్రిస్టా 4.735. దానికి స్విఫ్ట్ కలిపితే 8.595 మీటర్లు, మీ స్థలం కన్నా ఆరు సెంటీమీటర్లు ఎక్కువ. ముందు కారు మూతి డ్రైవ్‌వేలోకి వస్తుంది, ఎదురింటివాళ్లు ఊరుకోరు. రెండు పెద్ద కార్లున్న కుటుంబానికి మీది ఒకటే పార్కింగ్ అన్నమాట. చిన్న కార్లవాళ్లకి రెండు. విలువ కట్టేటప్పుడు మీ కార్లు కొలమానం కావు, రేపు మీ ధరలో ఫ్లాట్ కొనడానికి వచ్చే మామూలు కుటుంబం కార్లు కొలమానం.

దానికి తోడు, వెనక కారు తీయాలంటే ముందుది తీయాలి. ఒకే ఇంట్లో కాబట్టి తాళం ఇచ్చి పుచ్చుకుంటారు, నడిచిపోతుంది. కానీ పొద్దున ఎనిమిదింటికి ఇద్దరూ ఆఫీసుకి బయల్దేరే ఇంట్లో అది రోజూ ఉండే ఇబ్బందే. పైగా వెనక భాగాన్ని ఇంకో ఫ్లాట్ వాళ్లకి అద్దెకిచ్చుకోవడం కుదరదు. విడి చోటైతే అదీ కుదురుతుంది. అందుకే ఒకదాని వెనక ఒకటి ఉన్న పార్కింగ్‌ని రెండు పూర్తి పార్కింగులుగా వేయడం న్యాయం కాదు. ఒకటిగానే చూపించి వెనక భాగాన్ని మొత్తానికి వదిలేయడమూ న్యాయం కాదు. మీ నాన్నగారు దానికి డబ్బు పెట్టారు, మీ కుటుంబం ఏళ్ల తరబడి వాడుకుంది. పాత స్టిల్ట్ బిల్డింగుల్లో రెండో కారు వీధిలో పెట్టి రాత్రంతా ఎవరు గీస్తారోనని భయపడేవాళ్లు ఆ చోటుకి తప్పకుండా కొంత ఇస్తారు.

మూడోది మాత్రం తీసేయండి. కాంపౌండ్ గోడ పక్క ఖాళీ సెట్‌బ్యాక్. గాలికి, వెలుతురుకి, అవసరమైతే ఫైర్ ఇంజన్ రావడానికి వదిలిన స్థలం. 40 ఫ్లాట్లవాళ్లకీ అందులో వాటా ఉంది. విజిటర్స్ కార్లు అక్కడ పెట్టుకోనిచ్చినా అది ఏ ఒక్కరి ఫ్లాట్‌తోనూ వెళ్లదు. అసోసియేషన్ రేపు మీటింగ్ పెట్టి అక్కడ కార్లు వద్దంటే మీరు చూపించడానికి ఏమీ లేదు. రెండో వాల్యుయర్ దీనికి 3 లక్షలు వేయడం నాకు అస్సలు నచ్చలేదు. చూసి లెక్కపెట్టారు తప్ప కాగితం అడగలేదు.

మీ చెల్లెలి మాట గురించి. తను అబద్ధం చెప్పడం లేదు. అమెరికాలో ఇళ్ల విలువ కట్టడానికి ఏళ్లుగా వాడుతూ వచ్చిన, ఫ్యానీ మే అనే ఇంటి లోన్ల సంస్థ 1004 ఫారంలో కార్ల చోటుకి ఒక గడి ఉంటుంది. డ్రైవ్‌వేలో ఎన్ని కార్లు, గ్యారేజ్‌లో ఎన్ని, కార్‌పోర్ట్‌లో (గోడల్లేని షెడ్డులో) ఎన్ని అని అందులో విడివిడిగా రాస్తారు. తను చూసింది అదే అయి ఉంటుంది. అయితే ఆ మూడింటినీ కూడి ఒకే ధరతో హెచ్చవేయరు. అమ్ముడుపోయిన ఇళ్లతో పోల్చే పట్టికలో గ్యారేజ్, కార్‌పోర్ట్‌లకి ఒక వరుస ఉంటుంది. పక్కింటికి రెండు కార్ల గ్యారేజ్ ఉండి ఈ ఇంటికి ఒకటే ఉంటే, అక్కడి కొనుగోలుదార్లు ఆ తేడాకి ఎంత ఇస్తున్నారో చూసి సర్దుతారు. ఇంకో ముఖ్యమైన సంగతి, డాలస్‌లో విడిగా ఉండే ఇంటి డ్రైవ్‌వే ఆ ఇంటి సొంత స్థలంలో ఉంటుంది. మీ గోడ పక్క ఖాళీ అలాంటిది కాదు. ఈ తేడా ప్రశాంతంగా చెబితే తనకి అర్థమవుతుంది. ఫోన్లో వాదించకుండా డీడ్‌లో ఆ పేజీ, రిజిస్టర్ పేజీ ఫొటో తీసి, టేపు పరిచి ఇంకో ఫొటో తీసి పంపండి. దూరంగా ఉన్నవాళ్లకి అనుమానం వచ్చేది కనపడక, డబ్బు మీద ఆశతో కాదు.

ఇప్పుడు వెనక భాగానికి ఎంత? దీనికి మీ బిల్డింగే జవాబు చెప్పాలి. అసోసియేషన్ సెక్రటరీని అడిగితే గత రెండు మూడేళ్లలో ఏయే ఫ్లాట్లు చేతులు మారాయో తెలుస్తుంది. వాటిలో రెండు పార్కింగులున్న ఫ్లాట్ ఒకటి, ఒకే పార్కింగ్ ఉన్నది ఒకటి దొరికితే, అదే విస్తీర్ణమైతే, ఆ రెండు ధరల తేడాలోంచి మిగతా తేడాలు తీసేయండి. తూర్పు ఫేసింగ్‌కి మన దగ్గర ఎక్కువ ఇస్తారు, కార్నర్ ఫ్లాట్‌కి ఇస్తారు, వుడ్‌వర్క్ కొత్తగా చేయించి ఉంటే ఇస్తారు. అవన్నీ పోగా మిగిలింది రెండో పార్కింగ్ ధర. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న ధర మీద ఆధారపడకండి. చాలా డీడ్‌లలో ప్రభుత్వ మార్కెట్ విలువకి దగ్గరగా రాసుకుంటారు, చేతులు మారిన మొత్తం వేరే ఉంటుంది. కొన్నవాళ్లనీ, అమ్మినవాళ్లనీ విడిగా అడిగితే రెండు అంకెలూ ఒకదగ్గరికి వస్తాయి. మీ బిల్డింగ్‌లో దొరక్కపోతే పక్కన అదే వయసు బిల్డింగులు చూడండి. పది కిలోమీటర్ల అవతల గేటెడ్ కమ్యూనిటీలో పార్కింగ్‌కి ఎంత తీసుకుంటున్నారో మీకు పనికిరాదు. చుట్టుపక్కల వీధి ఎంత ఇరుకుగా ఉందన్నదాన్ని బట్టి ఈ ధర మారిపోతుంది. నలభై అడుగుల రోడ్డు మీద రాత్రి కారు పెట్టుకోగలిగే చోట రెండో పార్కింగ్‌కి పెద్దగా ఇవ్వరు. ఇరవై అడుగుల సందులో అయితే అదే బేరాన్ని తేలుస్తుంది.

ఆ వివరాలు వచ్చేదాకా ఆలోచించుకోవడానికి ఒక లెక్క చెబుతాను. విడిగా ఉండే రెండో పార్కింగ్‌కి మీ రెండో వాల్యుయర్ వేసిన 3 లక్షలు సరైనదే అనుకుందాం. మీది ముందు కారు వెనక ఇరుక్కున్నది, పెద్ద కార్లకి పట్టనిది, డీడ్‌లో లేనిది. సగం వేస్తే లక్షన్నర. 72కి కలిపితే 73 లక్షల 50 వేలు, చెల్లెలి సగం 36 లక్షల 75 వేలు. బ్యాంకు లెక్క ప్రకారం తనకి వచ్చేది 36, రెండో రిపోర్టు ప్రకారం 40 లక్షల 50 వేలు. ఇందులో మీరు నిజంగా మాట్లాడుకోవాల్సింది ఆ 75 వేల చుట్టూ, ఇంకో పాతికో యాభయ్యో అటూ ఇటూ. మీరు ఫ్లాట్ ఉంచుకుంటున్నారు కాబట్టి, అనుమానం ఉన్న చోట మీరే కాస్త ఎక్కువ వైపు మొగ్గమని నా సలహా. వాడుకునేది మీరు, రేపు అమ్ముకునేదీ మీరే.

ఇది ఇంకాస్త గట్టిగా చెప్పాలి. ఇప్పుడు చెల్లెలి లెక్కకి ‘ఒకటే పార్కింగ్’ అని, నాలుగేళ్ల తర్వాత ప్రకటనలో ‘రెండు కార్ పార్కింగులు’ అని వేయకూడదు. రేపు కొనేవారికి రెండని చెప్పే ఉద్దేశం మీకుంటే ఈరోజు చెల్లెలికీ రెండో దానికి తగిన విలువ కట్టి తీరాలి. అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ల మధ్య పంపకాల్లో తర్వాత మనసు విరిగేది ఇలాంటి చోటే. అప్పుడు తక్కువ తీసుకున్నవాళ్లు ఏదో ఒకరోజు ఆ ప్రకటన చూస్తారు. ఆ దారి మూసేయడానికి చెల్లెలు తన వాటా వదులుకుంటూ మీ పేర రాసిచ్చే రిలీజ్ డీడ్ షెడ్యూల్‌లో ఫ్లాట్, భూమిలో వచ్చే వాటా (అన్‌డివైడెడ్ షేర్) గజాలు, డీడ్ ప్రకారం ఒక పార్కింగ్ అన్నీ రాయించండి. వెనక భాగం మీద తనకున్న హక్కు కూడా విడుదల చేస్తున్నట్టు, దానికి విలువ కలిపి లెక్క చూసుకున్నట్టు ఒక వాక్యం పెట్టించండి. మాటలు ఎలా ఉండాలో డాక్యుమెంట్ రాసే లాయర్‌తో చూపించుకోండి. ఆ వాక్యం తనకి న్యాయం, మీకు రక్షణ.

ఇదే ప్రశ్న ఇండిపెండెంట్ ఇళ్లవాళ్లు కూడా అడుగుతుంటారు కాబట్టి రెండు మాటలు. అక్కడ కాగితం గొడవ తక్కువ, స్థలం మీదే. గేటు మూసి, లోపల ఎన్ని కార్లు ఉండగలవో, వాటిలో ఎన్ని వేరే కారు కదపకుండా బయటికి వస్తాయో చూడాలి. పోర్టికో కింద ఉన్నది ఒకటి, దాని ముందు ఖాళీలో ఇంకోటి పట్టినా అది వెనకదానికి అడ్డమే. గేటు బయట డ్రైన్ మీద పోసుకున్న ర్యాంప్ మున్సిపాలిటీ రోడ్డులోది, ఎంత చక్కగా టైల్స్ వేయించినా లెక్కలోకి రాదు. పోర్టికోని గదిగా మార్చేసి అద్దెకిచ్చిన ఇంట్లో గదీ, పార్కింగూ రెండూ వేయకూడదు.

అపార్ట్‌మెంట్లలో ఇంకా కొన్ని రకాలున్నాయి. ఏటా లాటరీ తీసి చోట్లు మార్చే అసోసియేషన్ అయితే, మీకు వచ్చిన నంబర్‌కి కాకుండా ‘ఒక చోటు దొరుకుతుంది’ అన్నదానికే విలువ. పక్క ఫ్లాట్ వాళ్ల దగ్గర అద్దెకి తీసుకున్నది మీది కాదు. పైన ఒకటి కింద ఒకటి నిలిపే మెషీన్ పార్కింగ్‌లో పై కారు దింపాలంటే కింది కారు తీయాల్సినవీ ఉన్నాయి, వాటిని మీ వెనక చోటులాగే చూడాలి. సెల్లార్ పార్కింగ్ అయితే 2020 అక్టోబర్ వానల్లో నీళ్లు వచ్చాయా అని వాచ్‌మన్‌ని అడగడం మర్చిపోకండి. ఆ వారం హైదరాబాద్‌లో ఎన్నో సెల్లార్లు నిండి కార్లు మునిగాయి. మునిగే సెల్లార్‌లో చోటుకీ, స్టిల్ట్‌లో చోటుకీ ఒకే ధర వేయలేరు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని చిన్నదే. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద, ఫలానా పిల్లర్ల మధ్య స్థలం ముందు భాగం, వెనక భాగం రెండూ మీ ఫ్లాట్ వాడకానికి కేటాయించారని, ఏ సంవత్సరం నుంచో రిజిస్టర్ ప్రకారం రాయించి, కార్యదర్శి సంతకం, సీలు తీసుకోండి. జనరల్ బాడీ మీటింగ్‌లో ఒక తీర్మానంగా పెట్టించగలిగితే ఇంకా మంచిది. శాంక్షన్ ప్లాన్‌లో (బిల్డింగ్‌కి అనుమతి ఇచ్చిన ప్లాన్‌లో) స్టిల్ట్ ఫ్లోర్ షీట్ కాపీ కూడా అడగండి. మీ వెనక భాగం ప్లాన్‌లో పార్కింగ్‌గానే ఉందా, లేక అక్కడ జనరేటరో, వాచ్‌మన్ గదో, దారో చూపించారా అన్నది అందులో తెలుస్తుంది. దారి అని ఉంటే నేను చెప్పిన లక్షన్నర కూడా నిలబడదు, ఆ సంగతి చెల్లెలికి ముందే చెప్పండి. పార్కింగ్ అని ఉంటే ఆ షీటు, అసోసియేషన్ లెటర్ రెండూ తనకీ, ఇద్దరు వాల్యుయర్లకీ పంపండి. వెనక భాగాన్ని విడి వరుసలో, విడి విలువతో చూపించి రిపోర్టు సవరించమని రెండో ఆయన్ని అడగండి. ఫీజు తీసుకున్న పని కాబట్టి, కాగితాలు చూపిస్తే సవరించి ఇవ్వడం ఆయన బాధ్యత.